వేడి అప్పు

ఏప్రిల్ నెల, సాయంత్రం ఆరు గంటలు. పల్నాటి పల్లెలో పాల కేంద్రం ముందు క్యాన్లు వరసగా ఉన్నాయి. రెండు గేదెలున్న ఒకావిడ తన క్యాను తెచ్చి బల్ల మీద పెట్టింది. పాలు కొలిచే కుర్రాడు లోపలికి తొంగిచూశాడు.

"ఏంటి పిన్నీ, నాలుగు లీటర్లు కూడా లేవు?"

"ఎండకి మేత ముట్టట్లేదయ్యా. నీళ్లు తాగుద్ది, మళ్లీ పోయి గోడ నీడన నిలబడుద్ది."

"వెన్న కూడా తగ్గింది."

"తగ్గదా మరి? కడుపులో గడ్డి పడితేగా!"

కుర్రాడు పుస్తకంలో అంకె రాశాడు. ఆవిడ ఖాళీ క్యాను తీసుకుని ఇంటిదారి పట్టింది. అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు. గేదె చావలేదు, తుపాను రాలేదు, పత్రికలో వార్త రాలేదు. రెండు లీటర్ల పాలు తగ్గాయి, అంతే. వాతావరణ మార్పు చిన్న పాడిరైతు ఇంటికి ఎక్కువగా వచ్చేది ఇలాగే, ఏ చప్పుడూ లేకుండా.

లోపలి పొయ్యి

ఆవిడ చివర అన్న మాటను ఏ శాస్త్రవేత్తా కాదనడు. పాలలో వెన్నకు మూలం చాలావరకు గడ్డే. గేదె మింగిన మేత ముందుగా రూమెన్ అనే పెద్ద పొట్టలోకి చేరుతుంది. వంద లీటర్లకు పైగా పట్టే ఆ తొట్టిలో లెక్కకందని సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లం రక్తంలో కలిసి, పొదుగుకు చేరి, వెన్నగా మారుతుంది. గడ్డి తగ్గి ఆ లోటును దాణాతో పూడిస్తే పులిసే తీరే మారిపోతుంది, వెన్న శాతం పడిపోతుంది. పాలకు ధర కట్టేది ఆ శాతాన్ని బట్టే కనుక ఆవిడకు దెబ్బ రెండు వైపులా తగిలింది.

పులియడమంటే వేడి పుట్టడం కూడా. పెంటకుప్పలో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పైన చల్లగానే ఉంటుంది, లోపల చురుక్కుమంటుంది. గేదె అలాంటి కుప్పనొకదాన్ని పొట్టలో పెట్టుకుని రాత్రింబవళ్లు తిరుగుతుంది. చలికాలంలో అది కుంపటిలా పనికొస్తుంది. ఎండాకాలంలో అదే బరువవుతుంది. వరిగడ్డి, చొప్ప లాంటి ముతక మేత అరగడానికి పుట్టే వేడి మరీ ఎక్కువ. పాలు తయారుకావడం కూడా వేడి పుట్టించే పనే. పైన ఎండ, లోపల పొయ్యి. పైదాన్ని ఆర్పడం గేదె వల్ల కాదు కాబట్టి లోపలి మంట తగ్గించుకుంటుంది. అంటే మేత మానేస్తుంది. అది మొండితనమూ కాదు, జబ్బూ కాదు. బతకడానికి ఒంటికి తెలిసిన ఉపాయం.

పాడిపశువు ఒంటి వేడి మామూలుగా 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పగలు ఒంట్లో పోగైన అదనపు వేడిని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. దీన్ని అప్పుగా అనుకుంటే లెక్క సులువుగా అర్థమవుతుంది. పగలు తీసుకున్నది తెల్లారేలోగా తీర్చాలి. తీరిందా, మర్నాడు కొత్త పద్దు. తీరలేదా, నిన్నటి బాకీ మీద ఇవాళ్టి అప్పు.

మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 దాకా సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక చెబుతోంది. ముప్పాతిక డిగ్రీ కూడా లేని పెరుగుదలకు పాలు తగ్గుతాయా అనిపిస్తుంది. కానీ గేదె సగటులో బతకదు. ఒక్కో పగలూ ఒక్కో రాత్రీ బతుకుతుంది. సగటు కాస్త జరిగితే చాలు, వేడి పగళ్ల సంఖ్య పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, చల్లబడని రాత్రుల సంఖ్య పెరుగుతుంది. మధ్యాహ్నపు ఎండను ఎలాగో ఓర్చుకున్న పశువును దెబ్బతీసేది ఆ ఉక్కపోత రాత్రే. అప్పు తీర్చే వేళ అది.

రెండు థర్మామీటర్లు

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు. అదే వేళ మచిలీపట్నంలో 36. ఏ ఊరి గేదెకు కష్టం ఎక్కువ?

జవాబు కోసం రెండు థర్మామీటర్లు కావాలి. ఒకటి మామూలుది. రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కాబట్టి రెండోది ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. గాలి పొడిగా ఉంటే రెంటికీ తేడా ఎక్కువ, గాలిలో తేమ నిండి ఉంటే తక్కువ. 1959లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త థామ్ మనుషుల ఉక్కపోతను కొలవడానికి ఈ రెండు అంకెలను కలిపి ఒక సూచిక తయారుచేశాడు. తర్వాత పశువైద్యులు దాన్ని కొట్టాలకు తెచ్చుకున్నారు. రెండు ఉష్ణోగ్రతలను కూడి, 0.72తో గుణించి, 40.6 కలపాలి. వచ్చిన అంకె 72 దాటితే పాడిఆవుకు ఇబ్బంది మొదలైనట్టు. ఆ గీత ఎక్కువ పాలిచ్చే విదేశీ ఆవులను చూసి గీసింది. మన గేదెలకు, నాటు పశువులకు అది ఇంకొంచెం పైన ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. అనంతపురంలో పొడి థర్మామీటరు 40, తడిది 22 చూపిస్తోందనుకుందాం. సూచిక 85. మచిలీపట్నంలో పొడిది 36, తడిది 29. సూచిక 87. నాలుగు డిగ్రీలు తక్కువున్న ఊళ్లోనే పశువుకు కష్టం ఎక్కువ. ఇక కోస్తాలో అర్ధరాత్రి పొడిది 28, తడిది 26 ఉంటే? సూచిక 79 పైనే. రాత్రంతా గీత దిగదు. తెల్లారినా బాకీ అలాగే ఉంటుంది.

తేమకు ఇంత బలం ఎందుకంటే, ఎండలో పశువుకున్న పెద్ద ఆయుధం నీరు ఆవిరవడమే. ఒక లీటరు చెమట ఆవిరై తీసుకుపోయే వేడితో, 30 డిగ్రీల దగ్గరున్న ఎనిమిది లీటర్ల నీళ్లను మరిగేదాకా తేవచ్చు. గాలి తేమతో నిండిపోతే చెమట ఆవిరి కాదు, ఒంటి మీద నిలుస్తుంది. ఆయుధం మొద్దుబారుతుంది.

గేదె చేతిలో ఆ ఆయుధం మొదటే చిన్నది. ఆవుతో పోలిస్తే దాని చర్మంలో చెమట గ్రంథులు చాలా తక్కువ. చర్మం నలుపు, వెంట్రుకలు పలచన. ఎండనంతా ఒళ్లే తాగేస్తుంది. అందుకే దానికి చెరువు కావాలి. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, సీమలో ఎనుము. పేరు ఏదైనా మధ్యాహ్నం పూట ముక్కు మాత్రం పైకి పెట్టి బురదనీటిలో పడుకునే ఆ జంతువు చెమట పనిని చెరువుకు అప్పగించింది. చెరువు పూడిపోయిన ఊళ్లో, ఎండిపోయిన ఊళ్లో ఆ పని చేసిపెట్టేవారు లేరు.

ఒంగోలు ఎద్దును పక్కన నిలబెట్టి చూడండి. ఎండను తిప్పికొట్టే తెల్లని బొచ్చు, దాని కింద నల్లని చర్మం, మెడ కింద వేలాడే గంగడోలు, ఒంటికి వదులుగా మడతలుపడే తోలు. వేడిని వదలడానికి ఎంత చర్మం కావాలో అంత. 19వ శతాబ్దంలోనే ఈ జాతి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ వాటికి నెలోరి అన్న పేరు స్థిరపడింది. ఇవాళ ఆ దేశపు మాంసపు పశువుల్లో అధికభాగం వాటి సంతతే. ఇక్కడ మాత్రం చిన్నరైతు పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాల వైపు వెళ్లాడు. తప్పు పట్టడానికి లేదు, పాలు ఎక్కువిస్తాయి. కానీ ఆ పాలతోపాటు చల్లని దేశపు ఒళ్లు కూడా కొట్టంలోకి వచ్చింది.

పది నెలల వడ్డీ

ఎండ బాకీలో రోజువారీ పాలు అసలు మాత్రమే. వడ్డీ తర్వాత వస్తుంది.

గేదె 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. చలికాలంలో ఆ సంగతి అరిచి చెబుతుంది. ఎండాకాలంలో అరవదు, తీగలు సరిగా వేయదు, కట్టుగొయ్య దగ్గర స్థిమితంగా నిలబడే ఉంటుంది. దీన్నే మూగ ఎద అంటారు. ఎద వచ్చిందని కనిపెట్టేలోపు చూడి కట్టే సూది వేయించాల్సిన వేళ దాటిపోతుంది. సూది వేయించినా ఒంటి వేడికి మొదటి రోజుల పిండం నిలవకపోవచ్చు. దీనికి ఎండ ఒక్కటే కారణం కాదు. పగటి నిడివి పెరగడం, పచ్చిమేత లేకపోవడం కూడా గేదెను వెనక్కి లాగుతాయి. అయితే వేడి కాలం ముందుగా మొదలై ఆలస్యంగా ముగిస్తే ఆ మూగ నెలల సంఖ్య పెరుగుతుంది.

మన పాల కేంద్రం పిన్ని గేదె సెప్టెంబరులో ఈనిందనుకుందాం. జనవరిలోగా చూడి కడితే వచ్చే ఏడు నవంబరుకల్లా మళ్లీ దూడ, మళ్లీ జున్ను. ఎందుకంటే గేదె దూడను మోసేది సుమారు 310 రోజులు. జనవరి తప్పింది. ఫిబ్రవరి చివరికే ఎండలు ముదిరాయి. మార్చి నుంచి గేదె మూగబోయింది. మృగశిర వచ్చినా వాన రాలేదు. తిరిగి ఎదకు వచ్చేసరికి మళ్లీ సెప్టెంబరు. ఎనిమిది నెలలు పోయాయి. ఈలోగా గేదె వట్టిపోయింది. పాలు లేవు కానీ గడ్డి ఖర్చు ఉంది, నీళ్ల మోత ఉంది. ఆ పైన మరో పది నెలలు ఆగితేగాని పొదుగు నిండదు.

వంద పశువుల డెయిరీలో ఇది నష్టాల పట్టికలో ఒక శాతం. రెండు గేదెల ఇంట్లో సగం ఆదాయం. చిన్న పెంపకానికి, పెద్ద పెంపకానికి అసలు తేడా ఇక్కడే ఉంది. ఎండ అందరికీ ఒకటే. ఫ్యాన్లు, తుంపర గొట్టాలు, చేతిలో మరో 98 పశువులు అందరికీ ఉండవు.

నాము

వానలు తగ్గాయనో పెరిగాయనో ఒక్క మాటలో చెప్పలేం. వానల నడుమ విరామం మారింది. ఇందాకటి నివేదికే చెబుతోంది: 1951–1980తో పోలిస్తే 1981–2011 మధ్య నైరుతి కాలంలో బెట్ట రోజుల వరసలు 27 శాతం ఎక్కువసార్లు వచ్చాయి. కురిసినప్పుడు మాత్రం కుండపోత.

ఈ మార్పు పశువును ఎలా చంపగలదో జొన్నచేను చూపిస్తుంది. మోకాలెత్తు ఎదిగిన జొన్న వాన లేక వాడింది. ఇక పంట రాదు, కనీసం పశువులన్నా మేస్తాయని రైతు తోలుతాడు. లేదా బెట్ట తర్వాత ఒక జల్లు పడి, కోసిన మోడుల నుంచి లేత పిలకలు పచ్చగా లేస్తాయి. నెలరోజులుగా ఎండుగడ్డి నమిలిన ఆవు వాటి మీద పడుతుంది. గంట గడవకముందే వణుకు, నోట నురగ, ఎగశ్వాస. పడిపోతుంది. ఊళ్లో పెద్దలు ఒక్క మాటలో చెబుతారు, నాము కొట్టిందని.

లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క దాచుకున్న ఆయుధం అది. మొక్క బెట్టకు గురైతే ఆ నిల్వ పెరుగుతుంది. పశువు నమిలి మింగగానే పొట్టలో అది సైనైడుగా విడిపోతుంది. సైనైడు చేసే పని విచిత్రంగా ఉంటుంది. ఊపిరి అందుతూనే ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కానీ కణాలు దాన్ని వాడుకోలేవు. నిండు చెరువు గట్టున దాహంతో చనిపోవడం లాంటిది. అందుకే నాముతో పోయిన పశువు రక్తం మామూలుకంటే ఎర్రగా మెరుస్తుంది. వెంటనే డాక్టరు వచ్చి సోడియం థయోసల్ఫేటు ఎక్కిస్తే బతకవచ్చు. అంతకంటే సులువైనది పాత జాగ్రత్తే: పూతకు రాని జొన్నలోకి పశువును, అందులోనూ ఆకలిగొన్న పశువును తోలకూడదు. ఆ జాగ్రత్త మన పెద్దలకు తెలుసు. కానీ బెట్ట ఎప్పుడో ఒక ఏడు వచ్చినప్పుడు పాటించిన జాగ్రత్తను ప్రతి ఏడూ, ఇంట్లో గడ్డివామి ఖాళీ అయిన వేళ పాటించడం వేరు.

గడ్డివామి ఖాళీ అవడానికి నేరం మొత్తం వాతావరణం మీద వేయడం న్యాయం కాదు. జొన్న వేసిన చేలల్లో పత్తి వచ్చింది. మేతబీళ్లు ప్లాట్లయ్యాయి. వరికోత యంత్రం గడ్డిని నలిపి చేలోనే వదిలేసి పోతోంది. ముందే పలచబడిన వామి మీద బెట్ట వచ్చి పడుతోంది. హైదరాబాదు గడ్డి మార్కెట్లలో జొన్న చొప్ప అమ్మకాలను పరిశీలించిన పరిశోధకులు, అరుగుదలలో కొద్ది తేడా ఉన్న చొప్పకే కొనేవాళ్లు గణనీయంగా ఎక్కువ ధర ఇస్తున్నారని గమనించారు. గింజ కాదు, చొప్పే కొనేవాడి కంటికి పంట. చిన్నరైతు ఎప్పుడూ అలాగే చూశాడు.

మందలో మూతివాపు

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా, అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం. వీటిలో చాలావరకు గొల్లకురుమల మందలే.

గొర్లకాపరి ఏడాది కార్తెల మీద నడుస్తుంది. పంట కోతలయ్యాక చేలల్లో మంద పెట్టడం, ఎండాకాలం నీళ్లున్న దిక్కుకు మంద తోలడం, తొలకరికి సొంతూరు చేరడం. తొలకరి గడ్డి లేతగా ఉంటుంది. ఎండల్లో ఎండి వచ్చిన గొర్రె ఒక్కసారిగా దాన్ని మేస్తే పేగుల్లోని ఒక బాక్టీరియా విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. రాత్రి బాగున్న గొర్రె పొద్దున్నే చచ్చి పడి ఉంటుంది. అదే చిటుక రోగం. టీకా ఉంది, వానలకు ముందే వేయించాలి. ఆ 'ముందు' ఎప్పుడన్నదే ఇప్పుడు చిక్కు. మే మధ్యలో అకాలవర్షం పడి పచ్చిక లేస్తే, టీకా మందు ఊరికి చేరకముందే రోగం చేరుతుంది.

వానలు ముదిరాక ఇంకొకటి వస్తుంది. జ్వరం, మూతి వాపు, ముక్కు వెంట చీమిడి, నోట్లో పుళ్లు, కుంటు. కొన్నిటికి నాలుక నీలంగా మారుతుంది. నీలినాలుక వ్యాధి. దీన్ని మోసుకొచ్చేది క్యూలికాయిడిస్ అనే కుట్టే ఈగ. దోమకంటే చిన్నది, వల కన్నాల్లోంచి దూరిపోగలది. బురదలో, తడిపేడలో గుడ్లు పెడుతుంది, ఎక్కువగా సందెవేళల్లో కుడుతుంది. ఈగ ఒంట్లోకి చేరిన వైరస్ అక్కడ పెరిగితేనే మరో గొర్రెకు అంటుతుంది. ఆ పెరుగుదల వేగం గాలి వేడిని బట్టి ఉంటుంది. చలిలో దాదాపు ఆగిపోతుంది, వెచ్చగా ఉంటే చకచకా సాగుతుంది. వెచ్చదనం, తేమ, బురద మూడూ కలిసిన ఏడాది మందకు చెడ్డ ఏడాది. వేడి దేశాల్లో చాలాచోట్ల నాటు గొర్రెలు ఈ వైరస్‌ను రోగలక్షణాలు లేకుండానే మోస్తాయి. దక్షిణ భారతంలో మాత్రం నాటు గొర్రెలే జబ్బుపడతాయి. చలిదేశాలకు రాదనుకున్న ఈ వ్యాధి 2006లో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ మందల్లోకి దూరినప్పుడు వాతావరణం వేడెక్కడం వల్ల దాని సరిహద్దులు జరుగుతున్నాయన్న సంగతి యూరప్ రైతులకు తెలిసింది. మన కాపరులకు శత్రువు పాతదే. రాకడ వేళే మారుతోంది.

సాయంత్రం మంద చుట్టూ వేపాకు పొగ పెట్టడం, బురదనేల వదిలి మెరకన మంద నిలపడం, ఇవి కాపరుల పాత పద్ధతులు. వాటిలో పస ఉంది. వాటికి టీకా తోడవ్వాలి, నీలినాలుకకు మన దేశంలో టీకా తయారవుతోంది. మందును ఊరికి పంపే తేదీని కాగితం మీది నెల కాక ఆకాశం నిర్ణయించాలి.

వట్టిపోయిన గేదె తేన్పు

ఈ కథలో గేదె మీద ఒక ఆరోపణ కూడా ఉంది. పొట్టలో గడ్డి పులిసేటప్పుడు మీథేన్ పుడుతుంది. దాదాపుగా అంతా తేన్పుల రూపంలో నోటినుంచే బయటికి వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే, కిలోకు కిలో, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది, ఉన్నంతకాలం మాత్రం గట్టిగా పనిచేస్తుంది. ఆ లెక్కన పిన్ని గేదె బాధితురాలే కాదు, ఎంతోకొంత బాధ్యురాలు కూడా.

ఇక్కడే రెండు లెక్కలు కలుస్తాయి. ఎనిమిది నెలలు అదనంగా వట్టిపోయి ఉన్న గేదె ఆ ఎనిమిది నెలలూ తింటుంది, తేనుస్తుంది. పాలు సున్నా, మీథేన్ మామూలే. అంటే ఎండకు ఎద తప్పడం వల్ల భూమికీ నష్టమే, ఆవిడకూ నష్టమే. దాన్ని జనవరిలోగా చూడి కట్టించగలిగితే లీటరు పాలకు పడే మీథేన్ తగ్గుతుంది, ఇంటి ఆదాయం నిలబడుతుంది. రెండు గేదెలు అమ్మేయమని ఆవిడకు చెప్పడం కంటే, నీడ, నీరు, మేత, వేళకు సూది అందేలా చూడటం వాతావరణానికీ మేలు.

డబ్బు లెక్క ఇంకొకటి ఉంది. పశుబీమా ముఖ్యంగా చావుకే డబ్బిస్తుంది. ఈ అధ్యాయంలో చెప్పిన నష్టాల్లో చాలావాటికి శవం లేదు. తగ్గిన లీటరుకు, మూగ ఎదకు, పడిపోయిన వెన్న శాతానికి పంచనామా ఉండదు. అందుకే ఉష్ణోగ్రత ఒక గీత దాటి కొన్ని రోజులు వరసగా నిలిస్తే, పశువు చచ్చిందా బతికిందా అని చూడకుండానే పరిహారం ఇచ్చే బీమా ఆలోచన పుట్టింది. కేరళలో మలబారు ప్రాంతపు పాల సహకార సంఘం అలాంటిదాన్ని ఆచరణలో పెట్టి చూసింది. రెండు థర్మామీటర్లు పెట్టగల ప్రతి మండలంలోనూ ఇది సాధ్యమే.

రాత్రి మేత

పిన్ని దగ్గరికి మళ్లీ వద్దాం. ఆవిడ కొట్టానికి ఫ్యాన్లు పెట్టించలేదు. కానీ చేయగలిగినవి ఉన్నాయి. రేకుల కప్పు మీద వరిగడ్డి పరిస్తే కింద వేడి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం గేదె ఒంటిని తడపవచ్చు. అయితే గాలి ఆడే చోటే తడపాలి. నాలుగువైపులా తడికెలు కట్టేసిన కొట్టంలో తడిపితే ఉక్క పెరుగుతుంది తప్ప వేడి దిగదు. రోజుకు డెబ్భై లీటర్ల దాకా తాగగల గేదెకు తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి, ఆ తొట్టి నీడలో ఉండాలి. వానాకాలంలో మిగిలిన పచ్చిమేతను పాతర వేసుకుంటే మార్చిలో గడ్డివామి వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఎండాకాలంలో ఎదను అరుపు బట్టి కాక తెల్లవారుజామున, సందెవేళ స్వయంగా చూసి పట్టుకోవాలి.

వీటిలో పైసా ఖర్చులేనిది మేత వేళ మార్చడం. తిన్న మేత పులిసి వేడి బాగా పెరిగేది కొన్ని గంటల తర్వాత. పొద్దున ఎనిమిదికి ముతక గడ్డి వేస్తే లోపలి పొయ్యి రాజుకునే వేళకు నడినెత్తిన సూర్యుడుంటాడు. అదే గడ్డి రాత్రి ఎనిమిదికి వేస్తే పొయ్యి మండేది చీకట్లో. రెండు మంటలూ ఒకేసారి మండకుండా చూడటమే కిటుకు.

పిన్ని వరిగడ్డి కట్టను రాత్రికి మార్చింది. పొద్దున్న కాస్త పచ్చిమేత, కుడితి. మధ్యాహ్నం వేపచెట్టు నీడ. మొదటి రెండు రోజులు గేదె వేళకాని వేళ మేత చూసి ఊరికే వాసన చూసింది. తర్వాత అలవాటుపడింది. వేడితో సతమతమయ్యే పశువు మొదట మానేసేది మేత, ఆ వెంటనే నెమరు. అందుకే ఆవిడ ఇప్పుడు థర్మామీటరు కంటే నమ్మకంగా వినేది ఒకటుంది. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర లేచి, దీపం వేయకుండా కొట్టం గుమ్మంలో ఒక నిమిషం నిలబడుతుంది. చీకట్లో పళ్లు రాసుకుంటున్న చప్పుడు, తాపీగా, ఒక వరసలో. నెమరు వేస్తోంది. నిన్నటి అప్పు తీరింది.

ఆ చప్పుడు వినబడని తెల్లవారుజాములు ప్రతి ఏడూ పెరుగుతున్నాయి. అవి ఏ పుస్తకంలోనూ రాయని అంకెలు. ఆవిడ మాత్రం పాలచెంబు అందుకునేలోపే ఆ రోజు క్యాను ఎంత వెలితిగా వెళ్తుందో చెప్పేస్తుంది.